లైన్లు లెక్కపెట్టిన మాష్టారు

రిజల్ట్స్ వచ్చే రోజు. ఇంట్లో అందరూ ఒకే ఫోన్ చుట్టూ చేరతారు. హాల్ టికెట్ నంబర్ కొట్టి బటన్ నొక్కగానే తెల్లటి పేజీ మీద చిన్న చక్రం తిరగడం మొదలవుతుంది. తిరుగుతూనే ఉంటుంది. మామయ్య రిఫ్రెష్ కొట్టమంటాడు, అక్క వద్దంటుంది. అమ్మ దేవుడి గదిలోకి వెళ్లిపోతుంది. ఆ చక్రాన్ని చూడకుండా మనలో ఎవరూ ఈ కాలేజీ దాకా రాలేదు.

ఆ చక్రానికి అటువైపు ఒక సర్వర్ ఉంటుంది. లక్షల మంది ఒక్కసారిగా తలుపు తడితే ఎంతమందిని లోపలికి రానివ్వాలి, ఎంతమందిని గుమ్మంలో నిలబెట్టాలి, ఎంతమందిని వెనక్కి పంపాలి అనేదే దాని బాధ. మన సిలబస్‌లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. సాకెట్ బఫర్లు, బ్యాక్‌లాగ్, కెర్నల్ ట్యూనింగ్. కానీ ఈ ప్రశ్నకి మొదట లెక్కకట్టి జవాబు చెప్పినవాళ్లలో ముఖ్యుడు కంప్యూటర్ అనే వస్తువునే చూడలేదు. డెన్మార్క్‌లో బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన మనిషి. పేరు అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్.

తలకిందులుగా చదివిన పుస్తకం

ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్క్ పడమటి వైపున్న జట్‌లాండ్‌లో, లోన్‌బోర్గ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి హాన్స్ నీల్సెన్ ఎర్లాంగ్ ఆ ఊరి బడిపంతులు, చర్చిలో గుమాస్తా పని కూడా ఆయనదే. తల్లి మాగ్డలీన్ క్రారప్ చర్చి పెద్దల కుటుంబం నుంచి వచ్చింది. మనం ట్రిగొనామెట్రీలో రోజూ వాడే టాంజెంట్, సీకెంట్ అనే మాటల్ని 1583లో ప్రవేశపెట్టిన థామస్ ఫింకే ఆమె పూర్వీకుల్లో ఒకడు. అంటే లెక్కలు ఆ ఇంట్లోకి చాలా ముందే వచ్చాయన్నమాట.

అగ్నర్‌కి ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు. సాయంత్రాలు అన్నదమ్ములిద్దరూ ఒకే పుస్తకాన్ని పంచుకుని చదివేవారట. అన్న ఫ్రెడరిక్ మామూలుగా బల్లకి ఇటు కూర్చునేవాడు, తమ్ముడు అటు. తమ్ముడికి అక్షరాలన్నీ తలకిందులే. అలాగే చదవడం అలవాటు చేసుకున్నాడు. ఒకే వనరు, ఇద్దరు వాడేవాళ్లు. పెద్దయ్యాక జీవితమంతా ఏ సమస్య మీద పనిచేశాడో, చిన్నప్పుడే దాన్ని ఇంట్లో అనుభవించాడు.

పిల్లవాడికి నక్షత్రాలంటే పిచ్చి. వాటి మీద పద్యాలు కూడా రాసేవాడు. పద్నాలుగేళ్లకే కోపెన్‌హాగన్ యూనివర్సిటీ ప్రిలిమినరీ పరీక్ష రాశాడు. వయసు చాలదని ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. డిస్టింక్షన్‌లో పాసయ్యాడు. ఆ తర్వాత ఊరికి తిరిగొచ్చి రెండేళ్లు తండ్రి బడిలోనే సహాయ ఉపాధ్యాయుడిగా పాఠాలు చెప్పాడు. చేతిలో డబ్బుల్లేవు. దూరపు బంధువు ఒకరు ఉండటానికి చోటు, తిండి ఇస్తే హిల్లెరాడ్‌లో చదువు కొనసాగించి, 1896లో ప్రవేశ పరీక్ష గట్టెక్కాడు. స్కాలర్‌షిప్ మీద కోపెన్‌హాగన్‌లో చదివి 1901లో గణితంలో ఎంఏ పట్టా తీసుకున్నాడు. ఖగోళశాస్త్రం, ఫిజిక్స్, కెమిస్ట్రీ అదనపు సబ్జెక్టులు.

పట్టా వచ్చాక ఏడేళ్లపాటు బళ్లలో పాఠాలు చెప్పాడు. మంచి మాష్టారనే పేరుంది. మనిషి మాత్రం పదిమందిలో కలిసే రకం కాదు. తక్కువ మాట్లాడేవాడు. అయినా గణితాన్ని వదల్లేదు. 1904లో యూనివర్సిటీ పెట్టిన పోటీకి హైగెన్స్ గణిత పద్ధతుల మీద వ్యాసం రాసి ప్రశంస అందుకున్నాడు. డెన్మార్క్ గణితజ్ఞుల సంఘం సమావేశాలకి తప్పకుండా వెళ్లేవాడు. జీవితం మలుపు తిరిగింది అక్కడే.

టెలిఫోన్ కంపెనీలో గణితజ్ఞుడు

ఆ సమావేశాలకి యోహాన్ యెన్సెన్ కూడా వచ్చేవాడు. మనం జెన్సెన్ ఇనీక్వాలిటీ అని చదువుకుంటామే, ఆ జెన్సెనే. ఆయన ప్రొఫెసర్ కాదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఇంజినీర్. పగలు తీగలు, రాత్రి గణితం. ఎర్లాంగ్‌లోని సరుకు ఆయన కనిపెట్టి, తన కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ ఫ్రెడరిక్ యోహాన్‌సెన్‌కి పరిచయం చేశాడు. యోహాన్‌సెన్‌కి అప్పటికే టెలిఫోన్ రద్దీని సంభావ్యతతో లెక్కకట్టొచ్చు అనే ఆలోచన ఉంది, కొంత సొంతంగా ప్రయత్నించాడు కూడా. కావల్సిందల్లా దాన్ని గట్టిగా పట్టుకునే మనిషి. 1908లో, ముప్పై ఏళ్ల వయసులో, ఎర్లాంగ్ ఆ కంపెనీలో చేరాడు. తర్వాత దాని ప్రయోగశాలకి అధిపతి అయ్యాడు.

అప్పటి టెలిఫోన్ అంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోవాలి. ఎక్స్ఛేంజ్‌లో పెద్ద బోర్డుల ముందు ఆపరేటర్లు కూర్చుని, ఎవరు ఎవరితో మాట్లాడాలో అడిగి, వైరు కొస తీసి రంధ్రంలో గుచ్చి కలిపేవారు. లైన్లు తక్కువైతే కాల్ కలవదు, జనానికి కోపం. లైన్లు ఎక్కువైతే రాగి తీగలకీ, ఆపరేటర్ల జీతాలకీ డబ్బు దండగ. మరి ఎన్ని వేయాలి? అంతవరకూ జవాబు అనుభవం మీద, అంచనా మీద నడిచేది.

ఎర్లాంగ్ మొదట అడిగింది అసలు కాల్స్ ఎలా వస్తాయి అని. వేలమందికి ఫోన్లున్నాయి. ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలనిపిస్తుందో ఎవరికీ తెలీదు, ఒకరి బుద్ధికీ ఇంకొకరి బుద్ధికీ సంబంధం లేదు. అలాంటప్పుడు ఒక నిమిషంలో ఎన్ని కాల్స్ వస్తాయన్నది పాయిజాన్ పంపిణీని అనుసరిస్తుందని 1909లో వచ్చిన వ్యాసంలో చూపించాడు. ఒక్కో మనిషి గురించి ఏమీ చెప్పలేం. గుంపు గురించి మాత్రం చాలా కచ్చితంగా చెప్పొచ్చు. ట్రాఫిక్ సిద్ధాంతం అనే శాస్త్రానికి పునాది రాయి అదే.

ఆయన కాగితాల మనిషి మాత్రమే అనుకుంటే పొరపాటు. భూమి కింద కేబుళ్లలో దారితప్పే కరెంటుని కొలవడానికి కోపెన్‌హాగన్ వీధుల్లో మ్యాన్‌హోళ్లలోకి స్వయంగా దిగేవాడు. ముందు చక్కగా గడ్డం కత్తిరించుకున్న గణితజ్ఞుడు, వెనక నిచ్చెన మోసుకుంటూ ఒక పనివాడు. ఆ వీధుల్లో అదొక మామూలు దృశ్యం. ఫార్ములా రాసే ముందు నేల కిందకి దిగి కొలిచే అలవాటు ఆయనది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఆరు లైన్లు ఎందుకు చాలవు

ఎర్లాంగ్ పేరు నిలబెట్టిన వ్యాసం 1917లో వచ్చింది. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్‌ల కోసం రాసింది. అందులో ఏముందో చిన్న లెక్కతో చూద్దాం.

గంటకి 120 కాల్స్ వస్తున్నాయి. ఒక్కో కాల్ సగటున 3 నిమిషాలు. మొత్తం 360 నిమిషాల సంభాషణ, అంటే 6 గంటలు. ఒక గంటలో 6 గంటల మాటలు పట్టాలంటే ఏ సమయంలోనైనా సగటున 6 లైన్లు బిజీగా ఉంటాయి. అయితే 6 లైన్లు వేస్తే సరిపోతుందా? మనలో చాలామంది సరిపోతుందనే అంటాం. ఎర్లాంగ్ ఫార్ములాలో వేసి చూస్తే, 6 లైన్లతో దాదాపు 26% కాల్స్ కలవవు. నలుగురిలో ఒకరికి పైగా బిజీ టోనే! 10 లైన్లు వేస్తే నష్టం 4.3%. 12 వేస్తే 1.1%. 13 వేస్తే 0.5%.

ఎందుకిలా? కాల్స్ వరసలో నిలబడి పద్ధతిగా రావు కాబట్టి. కాసేపు ఎవరూ ఉండరు, కాసేపు పదిమంది ఒక్కసారే మీద పడతారు. సగటుకి సరిపడా కట్టిన వ్యవస్థ సగటు రోజునే కూలిపోతుంది. పదమూడో లైను ఎక్కువసేపు ఖాళీగా పడి ఉంటుంది. చూసేవాళ్లకి దండగ అనిపిస్తుంది. కానీ ఆ ఖాళీయే అవతలివాళ్లకి దొరికే సేవ.

ఇంకో విషయం కూడా ఆ ఫార్ములాలో దాగి ఉంది. 10 గంటల రద్దీ ఉన్న రెండు ఊళ్లకి విడివిడిగా లైన్లు వేసి నష్టం 1% లోపు ఉంచాలంటే ఒక్కోదానికి 18, మొత్తం 36 లైన్లు కావాలి. రెండింటినీ కలిపి ఒకే గుంపుగా వాడుకుంటే 30 చాలు. పంచుకుంటే కలిసొస్తుంది. తలకిందులుగా పుస్తకం చదివిన తమ్ముడికి ఇది కొత్త సంగతేం కాదేమో.

ఇది లైన్లు నిండితే కాల్ పోయే పద్ధతి. అదే వ్యాసంలో రెండో పద్ధతికి కూడా లెక్క చెప్పాడు. లైన్లు నిండితే కాల్‌ని పారేయకుండా క్యూలో ఉంచితే ఎంతసేపు ఆగాలి? ఇక్కడొచ్చే జవాబు ఇంకా భయపెడుతుంది. ఒకే కౌంటర్ ఉన్న సాదా క్యూనే తీసుకోండి. కౌంటర్ 50% సమయం బిజీగా ఉంటే సగటున అక్కడ ఉండేది ఒక్కరు. 80% అయితే నలుగురు. 90% అయితే 9 మంది. 99% అయితే 99 మంది! పని పెరిగింది కొంచెమే, క్యూ మాత్రం కొండలా పెరిగింది.

కెర్నల్ లోపల అదే ఎక్స్ఛేంజ్

ఇప్పుడు మన లినక్స్ సర్వర్‌లోకి వద్దాం. కొత్త కనెక్షన్ వచ్చినప్పుడు కెర్నల్ దాన్ని పూర్తిచేసి, వెబ్ సర్వర్ ప్రోగ్రాం వచ్చి తీసుకునేదాకా ఒక క్యూలో ఉంచుతుంది. ఆ క్యూ పొడవుకి హద్దు సోమాక్స్‌కాన్ అనే సెట్టింగ్. లినక్స్ 5.4 కంటే ముందు అది 128 ఉండేది, ఆ తర్వాత 4096 చేశారు. ప్రోగ్రాం తను అడిగే బ్యాక్‌లాగ్ ఇంతకంటే తక్కువైతే ఆ తక్కువదే చెల్లుతుంది. క్యూ నిండితే కొత్తవాళ్లకి తలుపు తెరుచుకోదు. ఎర్లాంగ్ మాటల్లో పెడితే, కొంతవరకూ ఆగే పద్ధతి, నిండాక పోయే పద్ధతి. రెండు ఫార్ములాలూ ఒకే గుమ్మం దగ్గర.

లోపలికి వచ్చిన ప్రతి కనెక్షన్‌కీ మళ్లీ బఫర్లు కావాలి. డేటా తీసుకోవడానికి ఒకటి, పంపడానికి ఒకటి. టీసీపీ ఆర్‌మెమ్ అనే సెట్టింగ్‌లో మూడు అంకెలుంటాయి. కనీసం, మొదట ఇచ్చేది, గరిష్ఠం. ఇప్పుడు చాలా మెషీన్లలో గరిష్ఠం 6 ఎంబీ దగ్గర ఉంటుంది. దూరపు, వేగమైన లింకుకి పెద్ద బఫర్ నిజంగానే కావాలి. 1 జీబీపీఎస్ లింకు మీద రాకపోకలకి 100 మిల్లీసెకన్లు పడితే, ఏ క్షణంలోనైనా దారిలో ఉండే డేటా 12.5 ఎంబీ. అంతకంటే చిన్న బఫర్ పెడితే ఆ పైపు ఎప్పుడూ నిండదు.

అలాగని అందరికీ పెద్దవి ఇచ్చేద్దామా? 10,000 కనెక్షన్లు ఒక్కొక్కటి 6 ఎంబీ నింపితే 60 జీబీ దగ్గరకి పోతుంది. అందుకే టీసీపీ మెమ్ అని ఇంకో సెట్టింగ్, మొత్తం టీసీపీ అంతా కలిసి వాడే మెమరీకి హద్దు. ఇక్కడ చాలామంది కాలు జారుతుంది. ఆర్‌మెమ్ అంకెలు బైట్లలో, మెమ్ అంకెలు పేజీల్లో. ఒక పేజీ సాధారణంగా 4 కేబీ. బైట్లనుకుని అంకె వేస్తే అనుకున్నదానికి 4096 రెట్లు ఇచ్చేసినట్టే. ఇక కెర్నల్‌కి హద్దు ఉన్నా లేనట్టే లెక్క.

అన్నింటికంటే పెద్ద ఆశ క్యూని పెంచేస్తే సమస్య తీరిపోతుందన్నది. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు పెంచితే జనం ఎండలో నిలబడకుండా కూర్చుంటారు. దర్శనం మాత్రం గర్భగుడి ముందు కదిలే వేగంతోనే అవుతుంది. బఫర్ కూడా అంతే. అది కాసేపు వచ్చే ఉప్పెనని మింగుతుంది. రోజంతా వచ్చేది సామర్థ్యాన్ని మించితే, క్యూ ఎంత పెద్దదైనా నిండుతుంది, ఈలోగా అందరి నిరీక్షణా పెరుగుతుంది. పొడవైన క్యూలో వెనకున్నవాళ్లు విసుగెత్తి వెళ్లిపోయాక కూడా సర్వర్ వాళ్ల రిక్వెస్టులనే కష్టపడి తయారుచేస్తూ ఉంటుంది. తీసుకునేవాళ్లే ఉండరు.

ఎర్లాంగ్ మొదటి ఫార్ములాలో ఒక షరతు ఉంది. కాల్ కలవనివాడు ఊరుకుని వెళ్లిపోతాడని అందులో అనుకుంటాం. రిజల్ట్స్ రోజు మన మామయ్య ఊరుకోడు కదా! ప్రతి రిఫ్రెష్ ఒక కొత్త కాల్. ఉన్న రద్దీకి తోడు కలవనివాళ్ల రద్దీ. అందుకే ఆ రోజు సర్వర్‌కి ఫార్ములా చెప్పినదానికంటే ఎక్కువే సిద్ధం చేసుకోవాలి. షరతులు చూడకుండా ఫార్ములా వాడకూడదని మన ప్రొఫెసర్లు చెప్పేది ఇందుకే.

ఇక ఇంటర్నెట్‌లో దొరికే సెట్టింగ్‌ల పట్టికని కాపీ కొట్టి మన సర్వర్‌లో అతికించే అలవాటు గురించి. ఆ అంకెలు ఎవరి మెషీన్‌కో, ఎవరి రద్దీకో సరిపోయినవి. మన దగ్గర సెకనుకి ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయి, ఒక్కోటి ఎంతసేపు ఉంటోంది అన్నది మనమే కొలవాలి, క్యూ ఎన్నిసార్లు పొంగింది అన్నది కెర్నల్ లెక్కరాసే ఉంచుతుంది. ముందు అది చూడాలి. అంటే నిచ్చెన వేసుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగాలి.

చివరి రోజులు, తర్వాతి రోజులు

ఎర్లాంగ్ పెళ్లి చేసుకోలేదు. పని, పుస్తకాలు. గణితం, ఖగోళం, ఫిజిక్స్ పుస్తకాలతో పెద్ద లైబ్రరీ పోగుచేసుకున్నాడు. నాలుగు అంకెల లాగరిథమ్ పట్టికలు కూడా తయారుచేశాడు. ఆయన వ్యాసాలు చాలా చిన్నవి. కొన్నిచోట్ల రుజువులు కూడా పూర్తిగా రాసేవాడు కాదు. అయినా అవి ఇంగ్లిష్, జర్మన్, ఫ్రెంచ్ భాషల్లోకి వెళ్లాయి. బ్రిటిష్ పోస్టాఫీసు లైన్ల లెక్కకి ఆయన ఫార్ములానే తీసుకుంది. ఆ వ్యాసాల్ని మూలంలో చదవడం కోసం బెల్ ల్యాబ్స్‌లో ఒకాయన డేనిష్ భాష నేర్చుకున్నాడని చెప్పుకుంటారు.

ఆయన చేయి పెద్దది. అవసరంలో ఉన్నవాళ్లు ఇంటికే కాదు, ప్రయోగశాలకి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. ఎవరికీ తెలియకుండా సాయం చేసి పంపేవాడు. లైన్లు నిండిన చోట కాల్ పోతుందని లెక్క చెప్పిన మనిషి, తన గుమ్మం దగ్గర మాత్రం ఎవరినీ తిప్పి పంపలేదు.

కంపెనీలో దాదాపు ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టిన మనిషి కాదు. 1929లో కడుపులో నొప్పితో ఆస్పత్రిలో చేరి, ఆపరేషన్ తర్వాత ఫిబ్రవరి 3న కన్నుమూశాడు. 51 ఏళ్లు.

పేరు మాత్రం ఆగలేదు. ఒక లైను గంటసేపు పూర్తిగా బిజీగా ఉంటే ఆ రద్దీని ఒక ఎర్లాంగ్ అనాలని 1946లో అంతర్జాతీయ టెలిఫోన్ కమిటీ నిర్ణయించింది. పైన మనం కట్టిన లెక్క 6 ఎర్లాంగ్‌లది. 1948లో ఆయన జీవితం, వ్యాసాలు కలిపి కోపెన్‌హాగన్‌లో పుస్తకంగా వచ్చాయి. 1960ల మొదట్లో ఎంఐటీలో లెనార్డ్ క్లైన్‌రాక్ ఇదే క్యూల సిద్ధాంతాన్ని కంప్యూటర్ నెట్‌వర్క్‌లకి పట్టుకొచ్చాడు. ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్‌లో 1969లో మొదటి సందేశం వెళ్లింది ఆయన ల్యాబ్ నుంచే.

1980ల్లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన సహచరులు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌ల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేసి దానికి ఎర్లాంగ్ అని పేరు పెట్టారు. తర్వాత వాట్సాప్ తన సర్వర్లని ఆ భాషలోనే రాసుకుంది. ఫ్రీబీఎస్‌డీ కెర్నల్‌ని కొలుచుకుంటూ, సర్దుకుంటూ, ఒకే సర్వర్ మీద 20 లక్షలకు పైగా టీసీపీ కనెక్షన్లు నిలబెట్టినట్టు 2012లో ప్రకటించింది. మన క్లాస్ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటోల వెనక కూడా ఆ డేనిష్ మాష్టారు ఉన్నాడన్నమాట.

ప్లేస్‌మెంట్ వచ్చాక మనలో ఎవరో ఒకరు ఏదో ఒక రిజల్ట్స్ సర్వర్ ముందు కూర్చుంటారు. క్యూ ఎంత పెట్టాలి, బఫర్ ఎంత ఇవ్వాలి, ఎవరికి నో చెప్పాలి అన్న అంకెలు మన చేతిలోనే ఉంటాయి. సగటుకి సరిపడా పెట్టి ఊరుకుంటే నలుగురిలో ఒకరి ఇంట్లో ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ ఇంట్లో దేవుడి గదిలోకి వెళ్లిన అమ్మ ఇంకా బయటికి రాదు. అంకె వేసే ముందు ఒక్కసారి నిచ్చెన వేసి దిగి, కొలిచి వద్దాం.